బుక్క మింగని బిడ్డ

తలుపు తోసుకుని ముందు నాయనమ్మ వచ్చింది. చేతిలో స్టీలు టిఫిను. వెనక తల్లి. తల్లి కొంగు పట్టుకుని తొమ్మిదేళ్ల పాప. కూర్చోమంటే కూర్చోకుండా పెద్దావిడ టిఫిను మూత తీసి నా బల్ల మీద పెట్టింది. పెరుగన్నం. కలిపింది కలిపినట్టే ఉంది.

"పొద్దుగాల నాలుగింటికి కలిపిన సారూ. బస్సుల రెండుసార్లు నోటికాడ పెట్టిన. బుక్క మింగదు. నాలుగు నెలల సంది గిదే కత" అంది.

వాళ్లది హవేలిఘనపూర్. మెదక్ పక్కనే. టీచరు ట్రైనింగు చేసినవాళ్లకు ఆ పేరు చెబితే డైట్ కాలేజీ గుర్తొస్తుంది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మండలమైంది. అక్కడి నుంచి హైదరాబాదుకు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ వంద కిలోమీటర్లు రావడానికి ఆ ఇంటికి నాలుగు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ వారం ఇది రాస్తున్నాను. ఊరు పేరు రాయమన్నది పెద్దావిడే. "మా లెక్కనే ఇంకెవరన్న ఉంటే వాళ్లకు తెలుస్తది" అంది. పాప పేరు మాత్రం రాయను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. జబ్బు సంగతి మార్చలేదు.

బడిలో చేర్చిన ఏడాదిలో 24 కిలోలు ఉన్న పిల్ల, నా దగ్గర తూకం ఎక్కితే 19న్నర చూపించింది. పెరగాల్సిన వయసులో దాదాపు అయిదో వంతు బరువు కరిగిపోయింది. చేతులు చల్లగా ఉన్నాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంది. చేతికి తాయెత్తు, మెడలో మరొకటి.

ఏమేం చేశారని అడిగాను. తల్లి తల వంచుకుని వరసగా చెప్పింది. మొదట దిష్టి తీశారు. తర్వాత గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించారు. ఎవరో పసరు పోశారు. ఊళ్లో డాక్టరు దగ్గర ఆకలి టానిక్కు, రెండు సీసాల సెలైను అయ్యాయి. ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసి, "అన్నీ బాగానే ఉన్నయ్, పిల్ల నాటకాలాడుతోంది, రెండు తగిలిస్తే అదే తింటది" అన్నారట. ఆ రాత్రి తండ్రి అంత పనీ చేశాడు. చెంచాతో పళ్లు విడదీసి అన్నం కుక్కబోతే పెదవి తెగింది. మర్నాటి నుంచి పాప మంచినీళ్లు తాగడానికి కూడా వెనకాడింది.

తండ్రి దుర్మార్గుడు కాడు. బిడ్డ కళ్లముందే కరిగిపోతుంటే భయపడ్డాడు. భయం కోపమైంది. ఈ జబ్బులో ఇంటింటా జరిగేది ఇదే.

అసలు విషయం మొదట కనిపెట్టింది బడిలో టీచరమ్మ. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజున పాప తన గుడ్డును రోజుకొకరికి ఇచ్చేస్తోంది. ఒకటి రెండుసార్లయితే స్నేహం అనుకోవచ్చు. నెల రోజులు చూశాక ఆవిడ ఇంటికెళ్లి చెప్పింది. "దీన్ని కొట్టొద్దు, పిల్లల మనసు చూసే డాక్టరుకు చూపించండి" అంది. ఆ మాట వల్లే వాళ్లు నా దాకా వచ్చారు.

మారాం ఎక్కడ ఆగుతుంది?

పిల్లలు అన్నం దగ్గర పేచీ పెట్టడం కొత్త కాదు. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా చాలామంది కొత్త కూర కనిపిస్తే మూతి తిప్పుకుంటారు. ఒక రోజు తింటారు, ఒక రోజు తినరు. కానీ ఎత్తు పెరుగుతుంటారు, బరువు పెరుగుతుంటారు, ఆడుకుంటుంటారు. ఇది జబ్బు కాదు. దీనికి డాక్టరు అక్కర్లేదు, ఓపిక కావాలి.

మరి జబ్బని ఎప్పుడనాలి? అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే గ్రంథం దీనికి కొలత ఇచ్చింది. ఆ జబ్బుకు పెట్టిన పొడుగాటి పేరును కుదించి డాక్టర్లు 'ఆర్ఫిడ్' అంటారు. తిండిని తప్పించుకోవడం, లేదా అతి తక్కువ రకాలకు కుదించుకోవడం అని అర్థం. నాలుగింటిలో ఒక్కటైనా ఉండాలి. బరువు బాగా తగ్గడం, లేదా వయసుకు తగ్గట్టు పెరగకపోవడం. రక్తహీనత లాంటి పోషకాల లోపం బయటపడటం. గొట్టం ద్వారానో, డబ్బా పొడుల మీదనో బతకాల్సి రావడం. తిండి కారణంగా బడి, పెళ్లి పేరంటాలు, స్నేహాలు దెబ్బతినడం.

ఇంకో మాట కూడా ఆ గ్రంథంలో ఉంది. ఇంట్లో తిండి లేక తినకపోవడాన్ని ఈ జబ్బు లెక్కలో వేయకూడదు. పండుగ ఉపవాసాలనూ వేయకూడదు. మన దగ్గర ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. బక్కపిల్ల కనిపిస్తే డాక్టరు మొదట అడగాల్సింది "ఇంట్లో పొయ్యి వెలుగుతోందా" అని.

అంతకు ముందు, 1994 నాటి గ్రంథంలో, ఇలాంటి జబ్బు ఆరేళ్లలోపు మొదలైతేనే లెక్క. మా పాపలాంటి తొమ్మిదేళ్ల పిల్లలకు పేరే లేదు. పేరు లేని జబ్బుకు మనం పెట్టే పేరు ఒకటే ఉంటుంది: మొండితనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలోనూ ఆర్ఫిడ్‌కు చోటు దొరికింది. ఆ కొత్త పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఎంత కాదు, ఎందుకు?

తినని బిడ్డను పట్టుకుని మనమంతా "ఎంత తిన్నావు" అని అడుగుతాం. "ఎందుకు తినడం లేదు" అని అడిగేవాళ్లు తక్కువ. రోగ నిర్ధారణ అంతా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

నాయనమ్మను, తల్లిని బయట కూర్చోమని పాపకు కాగితం, పెన్సిలు ఇచ్చాను. "నీ గొంతు ఎట్లుంటదో బొమ్మ గియ్యి బిడ్డా" అన్నాను. చాలాసేపు గియ్యలేదు. తర్వాత ఒక మనిషిని గీసింది. పెద్ద తల, పెద్ద పొట్ట. రెండింటికీ మధ్య ఒకే ఒక సన్నటి గీత. దారమంత.

"ఇందులోంచి అన్నం పోతదా?"

తల అడ్డంగా ఊపింది. తర్వాత నాకు మాత్రమే వినిపించేలా అంది: "బుక్క మింగితే సచ్చిపోత."

కథంతా అప్పుడు బయటికొచ్చింది. నాలుగు నెలల కింద చుట్టాల పెళ్లిలో మటన్ ముక్క గొంతుకు అడ్డం పడింది. ఊపిరాడలేదు. మేనమామ వీపు మీద చరిస్తే బయటపడింది. పెద్దవాళ్లు అయిదు నిమిషాల్లో మర్చిపోయి బంతికి కూర్చున్నారు. పాప మర్చిపోలేదు. మొదట మాంసం మానేసింది. వారానికి రొట్టె. తర్వాత అన్నం. చివరికి పాలు, గంజి మిగిలాయి. రాత్రుళ్లు ఉమ్మి మింగడానికి కూడా భయపడి చేతిరుమాలులో ఉమ్మేసేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇది ఆర్ఫిడ్‌లో ఒక రకం. భయం వల్ల తినకపోవడం. రెండో రకం పిల్లలకు రుచి, వాసన, మెత్తదనం, గరుకుదనం భరించలేనంతగా తగులుతాయి. వంకాయ నోట్లో పెట్టుకుంటే మనకు గొంగళిపురుగు పెట్టుకున్నట్టే ఉంటుంది వాళ్లకు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. మూడో రకం పిల్లలకు ఆకలే సరిగా తెలియదు. రెండు ముద్దలకే కడుపు నిండిందంటారు, భోజనం సంగతే మర్చిపోతారు. ఒకే బిడ్డలో రెండు మూడు కారణాలు కలిసి ఉండొచ్చు కూడా.

ఈ మూడింటిలోనూ బిడ్డకు సన్నబడాలన్న కోరిక ఉండదు. ఆ కోరిక ఉంటే అది వేరే జబ్బు, అనొరెక్సియా. 1873లో లండన్‌లో విలియం గల్, ప్యారిస్‌లో షార్ల్ లసేగ్ అనే వైద్యులు దాదాపు ఒకేసారి దీన్ని వర్ణించారు. ఇది ఎక్కువగా పదమూడు పద్నాలుగేళ్ల నుంచి కనిపిస్తుంది కానీ తొమ్మిది పదేళ్ల పిల్లలకూ వస్తుంది. అందుకే "నువ్వు లావుగా ఉన్నావనుకుంటున్నావా" అని ప్రతి బిడ్డనూ అడగాలి. మా పాపను అడిగితే నన్ను వింతగా చూసింది. "సన్నగున్న. మంచిగ లేను" అంది.

వీటన్నిటికన్నా అరుదైనది, భయంకరమైనది మరొకటుంది. 1991లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి వైద్యుడు బ్రయాన్ లాస్క్, ఆయన సహచరులు నలుగురు పిల్లల గురించి రాశారు. ఆ పిల్లలు తిండి ఒక్కటే కాదు, నీళ్లు, నడక, మాట, ఒళ్లు కడుక్కోవడం అన్నీ మానేశారు. సాయం చేయబోతే కోపంతోనో భయంతోనో ఎదురు తిరిగారు. దానికి 'సర్వ నిరాకరణ' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. తట్టుకోలేని భయంలో, నిస్సహాయతలో మనసు తలుపులన్నీ ఒకేసారి మూసుకోవడంగా దాన్ని అర్థం చేసుకున్నారు. స్వీడన్‌లో 2003 నుంచి 2005 మధ్య ఇంచుమించు ఇలాంటి స్థితిలోనే నాలుగు వందలకు పైగా పిల్లలు మంచం పట్టారు. అందరూ దేశం విడిచి ఆశ్రయం కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు. వాళ్లలో కొందరు పెద్దయ్యాక, తమ చేత అలా నటింపజేశారని 2019లో బయటపెట్టారు. ఎంత జబ్బు, ఎంత నటన అన్న వాదన ఇంకా తెగలేదు. కానీ పక్కన కూర్చుని ఊరుకోబెట్టాల్సిన బిడ్డను అనుమానంతో చూస్తే బిడ్డ మరింత లోపలికి ముడుచుకుపోతుందన్నది లాస్క్ లాంటి వాళ్ల అనుభవం.

ముందు ఒళ్లు, తర్వాత మనసు

బొమ్మ చూడగానే నాకు జబ్బు తెలిసిపోయినట్టే అనిపించింది. అయినా వెంటనే ఆ పేరు రాయలేదు. రాయకూడదు. తినని బిడ్డ ఒంట్లో వేరే జబ్బు దాగి ఉండొచ్చు. క్షయ, థైరాయిడ్, షుగరు, గోధుమ పడని సీలియాక్ జబ్బు, పేగుల వాపు, అన్నవాహికలో అడ్డు, అరుదుగా మెదడులో గడ్డ. పుచ్చిపోయిన పన్ను కూడా కావచ్చు. అందుకే పాపను ముందు పిల్లల డాక్టరు దగ్గర వారం రోజులు ఆస్పత్రిలో ఉంచాం. గొంతు, అన్నవాహిక బాగానే ఉన్నాయి. మిగతా పరీక్షల్లో రక్తహీనత తప్ప ఏమీ దొరకలేదు. "పరీక్షలన్నీ బాగున్నాయి" అంటే నాటకం అని కాదు అర్థం. జబ్బు ఇంకోచోట వెతకాలని అర్థం.

ఆస్పత్రిలో ఉంచడానికి మరో కారణం కూడా ఉంది. బాగా ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, ఆకలితో మాడిన ఖైదీలకు కడుపునిండా పెడితే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వైద్యులు అప్పుడు నేర్చుకున్న పాఠం ఇది. కొద్దికొద్దిగా, రక్తపరీక్షలు చేసుకుంటూ పెంచాలి.

బలవంతం ఎందుకు పనికిరాదు?

పెద్దావిడ నన్ను ఒక మాట అడిగింది. "ఆకలైతే అదే తింటదంటరు గద సారూ. గిది ఎందుకు తింటలేదు?"

మంచి ప్రశ్న. ఆకలి ఎక్కువైతే మనసు దారికొస్తుందనుకుంటాం. నిజానికి ఆకలి మనసును ఇంకా చెడగొడుతుంది. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వాళ్ల ఇష్టంతోనే, దాదాపు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశాడు. ఏ మానసిక జబ్బూ లేని ఆ మగవాళ్లు చిరాకు పడ్డారు, దిగులు పడ్డారు, ఒంటరిగా కూర్చున్నారు, తిండి ముందు గంటలు గడిపారు. బాగా తిండి పెట్టాక కూడా మామూలు మనుషులు కావడానికి నెలలు పట్టింది. బక్కచిక్కిన బిడ్డలో మనకు కనిపించే మొండితనంలో సగం ఆకలే.

ఇక బలవంతం సంగతి. గొంతుకు అడ్డం పడుతుందని భయపడే బిడ్డ నోట్లో చెంచా కుక్కితే ఏమవుతుంది? ఊపిరాడదు. అంటే ఆమె భయం నిజమే అని మనమే సాక్ష్యం చెప్పినట్టు. తండ్రికి ఈ మాట చెప్పినప్పుడు అతను చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెల్వలే సారూ" అన్నాడు. తెలిస్తే చేసేవాడు కాదు. అందుకే తెలియజెప్పాలి.

మెట్టు మెట్టుగా

పాప నోటు పుస్తకంలో పన్నెండు మెట్ల నిచ్చెన గీశాం. కింది మెట్టు మంచినీళ్లు. ఆ పైన గంజి, జావ, మెదిపిన అరటిపండు, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, పప్పన్నం, ఉప్మా, గుడ్డు, రొట్టె, మక్కగారె. పై మెట్టు మటన్. ఒక్కో మెట్టు పక్కన భయానికి పదికి ఎన్ని మార్కులో తనే వేసుకుంది. మటన్‌కు పదికి పదిహేను వేసింది.

గొంతు ఎలా పనిచేస్తుందో బొమ్మ వేసి చూపించాను. గాలికి ఒక దారి, అన్నానికి ఒక దారి. మింగేటప్పుడు గాలి దారి మీద మూత పడుతుంది. అద్దం ముందు నిలబడి నీళ్లు మింగుతూ గొంతు పైకి కిందికి కదలడం చూసుకుంది. తర్వాత రోజూ ఒకే మెట్టు. అదే తిండి, పక్కనే కూర్చుని అమ్మ కూడా అదే తినాలి. భయం మార్కులు సగానికి దిగితేనే పై మెట్టు. దిగకపోతే అక్కడే ఇంకో రెండు రోజులు. బోస్టన్‌లో, ఇంకా అనేక చోట్ల ఆర్ఫిడ్‌కు ఇప్పుడు వాడుతున్న మాటల వైద్యానికి మూలసూత్రం ఇదే: భయపెట్టేదాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, బిడ్డ చేతికే తాళం ఇవ్వడం.

ఇంటికి ఇచ్చిన నియమాలు కొన్నే. భోజనానికి వేళ ఉండాలి, మధ్యమధ్యలో చిరుతిళ్లు వద్దు. అరగంటలో కంచం తీసేయాలి, గంటన్నర బతిమాలడాలు వద్దు. టీవీ, ఫోను ముందు పెట్టి మభ్యపెట్టి తినిపించొద్దు. తింటే ఊరంతా చెప్పొద్దు, తినకపోతే తిట్టొద్దు. చుట్టాల ముందు "మా పిల్ల తినదు" అన్న మాట అసలే వద్దు. తాయెత్తు సంగతి నాయనమ్మ భయంగా అడిగింది. ఉంచుకోమన్నాను. అది అడ్డం కాదు. పసరు మాత్రం వద్దన్నాను.

ఆర్ఫిడ్‌కు ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు లేదు. ఆకలి పుట్టించే మందులు, ఆందోళన తగ్గించే మందులు కొందరికి కొంతకాలం తోడుగా పనికొస్తాయి, అదీ డాక్టరు కనిపెట్టి ఉంటేనే. ఆకలి పేరుతో స్టెరాయిడ్లు వాడటం ప్రమాదం. అనొరెక్సియా ఉన్న పిల్లలకైతే తల్లిదండ్రులే భోజనం బాధ్యత తీసుకునే కుటుంబ చికిత్స ముఖ్యం. అది 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో రూపుదిద్దుకుంది. సర్వ నిరాకరణలో గొట్టం ద్వారా తిండి, నెలల తరబడి ఓపిక తప్పవు. ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు, కానీ కొందరికి ఏడాది దాటుతుంది. ఏ జబ్బో తెలియకుండా ఒకరి వైద్యం ఇంకొకరికి చేస్తే పని జరగదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

బిడ్డ నీళ్లు కూడా తాగకపోయినా, ఒంటేలు బాగా తగ్గినా, లేస్తే పడిపోతున్నా, ఒళ్లు చల్లబడి నాడి నెమ్మదించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అవేవీ లేకపోయినా, రెండు మూడు నెలలుగా బరువు పెరగకపోతే చాలు, చూపించాలి. అయిదేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో బరువు పట్టిక ఉంటుంది. పెద్ద పిల్లలకు బడిలో ఏడాదికి రెండుసార్లు తూకం వేసి రాసిపెట్టినా చాలు. మా పాపకు టీచరమ్మ రాసిపెట్టిన ఆ పాత 24 కిలోల అంకె లేకపోతే, ఎంత కరిగిందో నాకు తెలిసేదే కాదు.

హైదరాబాదులో 1953లో మొదలైన నీలోఫర్ పిల్లల ఆస్పత్రి ఉంది. మనసు వైద్యానికి ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఆ పేరు వినగానే "మా బిడ్డ పిచ్చిదా" అనే తల్లులు ఉన్నారు. కాదమ్మా. గొంతు భయపడింది, అంతే. ఊరు దాటలేనివాళ్లు 14416కు ఉచితంగా ఫోను చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. తెలుగులోనే మాట్లాడతారు.

మొదటి నెలలో పాప మూడు మెట్లే ఎక్కింది. రెండో నెలలో జలుబు చేసి ఒక మెట్టు కిందికి దిగింది. తల్లి ఏడ్చింది. నాలుగో నెలకు పప్పన్నం తినసాగింది. 22 కిలోలయ్యింది.

మొన్న నాయనమ్మ ఫోను చేసింది. మక్కలు వచ్చాయి, గారెలు చేశారట.

"తిన్నదా అమ్మా?" అన్నాను.

"సగం తిన్నది సారూ. సగం తమ్మునికి ఇచ్చింది. మంచినీళ్లు పక్కన పెట్టుకునే తిన్నది" అంది.

మటన్ మెట్టు ఇంకా మిగిలే ఉంది. తొందరేం లేదని చెప్పాను.